కత్తెర అక్క ఆఖరి పాఠం

మెచ్చుకోవడం చేతకాక పరీక్ష తప్పిన మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. చూడడమేమిటి, రెండేళ్లు ఒకే హాస్టల్ గదిలో కాపురం చేశాను. నేను టీచర్ ట్రైనింగ్ కాలేజీలో చేరినప్పుడు ఆమె సీనియరు. ఏడాది గడిచి నేను సీనియరునయ్యేసరికి ఆమె ఇంకా సీనియరే. అందరూ ఆమెను కత్తెర అంటారు. వాళ్లన్నయ్య టైలరు కావడం ఒక కారణం. రెండో కారణం ఆమె నోరు.

టీచరయ్యేవాళ్లకు నేర్పే విద్యల్లో మెచ్చుకోలు ఒకటి. పుస్తకంలో దాని పేరు పునర్బలనం. పిల్లవాడు ఏ అడ్డదిడ్డమైన జవాబు చెప్పినా ముందు "మంచి ప్రయత్నం" అనో "దగ్గరికొచ్చావు" అనో బుజ్జగించాలి. ఆ తరువాతే దిద్దాలి. దీనికి విడిగా మార్కులుంటాయి. కత్తెర అక్కకు ఈ బుజ్జగింపు గొంతు దిగదు. తప్పు చెబితే "తప్పు" అంటుంది. తిట్టదు, కసరదు, మూతి కూడా ముడవదు. బయట వాన పడుతోంది అన్నంత మామూలుగా అంటుంది. కిందటేడు పరీక్షలో అలాగే ఓ పిల్లతో అంటే, పరీక్షాధికారి కలం మూసి బయటికి నడిచాడట.

మా కాలేజీలో బడికి వెళ్లి పాఠం చెప్పే ముందు మాలో మేమే సాధన చేసుకోవాలి. ఒకరు టీచరు, మిగతావాళ్లం పిల్లలం. గడ్డాలూ మీసాలూ ఉన్నవాళ్లు కూడా ఆరో తరగతి పిల్లల్లా బెంచీల మీద ఇరుక్కుని "టీచర్, వీడు నన్ను గిల్లాడు" అని రాగాలు తీస్తారు. అందులో మా మీసాలాయన దిట్ట. ఇంటిదగ్గర ఇద్దరు పిల్లల తండ్రి, మా క్లాసులో అందరికన్నా పెద్దవాడు. ఒకరోజు ఆయన చెప్పిన జవాబును కత్తెర అక్క ఒక్క మాటతో కొట్టిపారేసింది. పాపం, ఆయన ముఖం వాడిపోయింది.

"చెల్లెమ్మా, వేషమంటే వేషమేగానీ లోపల మనసు నాదేగా. కాస్త మెల్లగా చెప్పొచ్చుగా?"

"మెల్లగా చెబితే ఒప్పవుతుందా అన్నయ్యా?"

నేను పంతం పట్టి ఆమెకు పాఠాలు మొదలుపెట్టాను. పళ్లు తోముకుంటూ కూడా "రెండు మూళ్లు ఎనిమిది" అనేదాన్ని. ఆమె కళ్లు మూసుకుని, గుటకలు మింగి, "మంచి... మంచి..." అని మొరాయించేది. చివరికి "నోట్లో నురగ ఉమ్మేసి సరిగ్గా చెప్పవే!" అనేది. నాకు ఒళ్లు మండేది. అబద్ధం చెప్పడం రాని మనిషితో వేగడం ఎంత కష్టమో వేగినవాళ్లకే తెలుస్తుంది.

నవ్వులాట ఎలా ఉన్నా, ఈసారి తప్పితే ఆమెకు ఇంకో అవకాశం లేదు. కాలేజీ నియమం అది. వాళ్లన్నయ్య చెడ్డవాడేం కాదు. వదినకు చూపు మందగించిందనీ, కొట్లో చెయ్యి తక్కువైందనీ, ఈసారి కూడా కాకపోతే ఇంటికొచ్చి కాజాలు కుట్టమనీ చెప్పాడు.

"నాకు కాజాలంటే చిరాకేం లేదే," అంది నాతో. "కానీ బొత్తం ఎదురు ప్రశ్న అడగదు కదా. పిల్లలైతే అడుగుతారు."

ఆ మాట అన్నాక ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. నాకు బాధేసింది.

పరీక్షగా చెప్పాల్సిన ఆఖరి పాఠం రోజున మా కష్టాలకు నీళ్ల పైపు తోడైంది. పక్కనున్న బళ్లో పొద్దున్నే అది పగిలి వరండా అంతా చెరువైపోతే పిల్లల్ని ఇళ్లకు పంపేశారు. పరీక్షాధికారి మాత్రం ఊరుదాటి వచ్చేశాడు. మా గైడు మేడమ్ కంగారుపడి, మమ్మల్నే పిల్లలుగా కూర్చోబెట్టి పాఠం చెప్పిస్తానని ఆయన్ని బతిమాలింది. ఆయన సరేనన్నాడు. నిజానికి ఆయన చెప్పేది సాంఘికశాస్త్రం. లెక్కల పరీక్షాధికారికి జ్వరమొస్తే బదులుగా వచ్చాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. పిల్లలైతే ఏదో ఒకటి తప్పు చెబుతారు, మేమెందుకు చెబుతాం? గబగబా అందరి చెవిలోనూ ఊదేశాను. ఎవ్వరూ ఒక్క తప్పు జవాబు చెప్పకూడదు. తప్పు చెప్పేవాడే లేకపోతే ఆమె నోట ఆ మాటే రాదు.

గదిలో కుర్చీ లేక పరీక్షాధికారి వచ్చి చివరి బెంచీలో నా పక్కనే కూర్చున్నాడు. మనిషి కాస్త భారీ. మోకాళ్లు బల్లకు తగులుతున్నాయి. కత్తెర అక్క నేను రంగులేసిన చార్టు గోడకు తగిలించి భిన్నాల భాగహారం మొదలుపెట్టింది. మేం ఎంత బుద్ధిగా ఉన్నామంటే మా అమ్మ చూస్తే నన్ను గుర్తుపట్టేది కాదు. అడిగిన ప్రతిదానికీ ఠకీమని సరైన జవాబే. మీసాలాయన గిల్లుడు కూడా మానుకున్నాడు.

కాసేపటికి ఆమెకు పాఠం పూనింది. ఎదురుగా ఉన్నది ఎవరో కూడా మరిచిపోయింది. అప్పుడు చివరి బెంచీవైపు చూసింది. ఆమెకు పరీక్షాధికారి కనబడలేదు. అర్థంకాని ముఖం ఒకటి కనబడింది.

"మీకు అర్థం కాలేదు. లేచి చెప్పండి. ఆరుని అరతో భాగిస్తే ఎంత?"

ఆయన లేచాడు. ఎన్నేళ్లొచ్చినా టీచరు లేవమంటే కాళ్లు వాటంతటవే లేస్తాయి కాబోలు.

"మూడు," అన్నాడు.

నేను "మంచి ప్రయత్నం" అని పెదవులు కదిపి చూపించాను. కిటికీ బయట గైడు మేడమ్ రెండు చేతులూ జోడించింది. కత్తెర అక్క మా ఇద్దరినీ చూడనేలేదు.

"తప్పు," అంది.

అక్కడితో ఆగినా బాగుండేది. గోడ మీంచి చార్టు ఊడబీకింది. దానికి మార్కులుంటాయని గుర్తులేదు. అడుగున ఉన్న పొడుగు పట్టీ కత్తిరించి, దానిమీద ఆరు సమాన భాగాలకు గీతలు గీసి, సంచీలోంచి తీసిన కత్తెరతో సహా ఆయన చేతిలో పెట్టింది.

"ఇది ఆరు మీటర్ల గుడ్డ. అర మీటరు ముక్కలు కావాలి. మీరే కొయ్యండి."

ఆయన కోశాడు. నాలుక కాస్త బయటపెట్టి మరీ కోశాడు. బల్లమీద పరిచి లెక్కపెట్టి, "పన్నెండు!" అని నావైపు తిరిగాడు, నేనేదో దాచిపెట్టినట్టు. "భాగిస్తే తగ్గాలిగా? పెరిగిందేంటి?"

"లెక్క అడిగేది ఎన్ని ముక్కలని," అంది కత్తెర అక్క. "ముక్క చిన్నదైతే ముక్కలు ఎక్కువొస్తాయి సార్."

"మా చిన్నప్పుడు తలకిందులు చేసి గుణించమన్నారమ్మా. ఎందుకని అడిగితే వీపు విమానం మోత మోగించారు."

మేమంతా గొల్లున నవ్వాం. ఆయన పావు మీటరు ముక్కలు కూడా కోశాడు. ఈలోపు గంట కొట్టేశారు. పాఠం ముగింపు లేదు, పునశ్చరణ లేదు, ఇంటిపని లేదు. చార్టు పేలికలై నేలమీద పడి ఉంది.

బయటికొచ్చి మెట్లమీద కూలబడి కత్తెర అక్క వెక్కివెక్కి ఏడ్చింది. "అయిపోయిందే. ఆయన్నే తప్పన్నాను."

"ఆ ఒక్కసారికి మంచి ప్రయత్నమని ఏడవొచ్చుగా?" అని కసిరాను. నాకూ ఏడుపొస్తోంది.

"ఆయన ప్రయత్నించలేదే! నోటికొచ్చింది చెప్పాడు!"

అంతలో పరీక్షాధికారి చొక్కాకు అంటిన కాగితం ముక్కలు దులుపుకుంటూ వచ్చాడు. గైడు మేడమ్ వెనకాలే పరుగెత్తుకొచ్చి, "మా అమ్మాయి పాసైనట్టేనా సార్?" అని గొణిగింది.

"నేను పాసయ్యానో లేదో ముందు ఆవిణ్ణి అడగండి," అన్నాడాయన.

ఎంత మంచి మాట! మరే ఆడపిల్లయినా సిగ్గుపడి తలవంచుకుని దండం పెట్టేది. కత్తెర అక్క ముక్కు చీదుకుని, "మూడోవంతు లెక్క మిగిలింది సార్. తొమ్మిదిని మూడోవంతుతో భాగించి చూపిస్తే చెప్తా," అంది. ఆమె పీక పిసికేద్దామనిపించింది నాకు.

ఆయన మా పక్కనే మెట్టుమీద చతికిలబడ్డాడు. కాగితం లేదు, కత్తెర లేదు. కళ్లు మూసుకుని వేళ్లు మడుస్తూ, మధ్యలో తప్పిపోయి మళ్లీ మొదలుపెట్టి, చాలాసేపు చేశాడు. మీసాలాయన జవాబు అందించబోతే కత్తెర అక్క కళ్లతోనే నోరు మూయించింది.

"ఇరవై ఏడు?" అన్నాడు చివరికి.

"సరి," అందామె.

అంత పెద్దమనిషీ చంటిపిల్లాడిలా నవ్వాడు. లేచి, కాగితాలమీద సంతకం చేసి గైడు మేడమ్ చేతికిచ్చాడు. "పునర్బలనానికి సున్నా వేశానమ్మా. వెయ్యక తప్పదు. మిగతావాటితో పాసైపోయింది."

నేను అక్కను గట్టిగా వాటేసుకున్నాను. ఆమె నా భుజం మీంచి తల పైకెత్తి, "సున్నా సరిగ్గానే వేశారు సార్," అంది.