ఒలెగారియో రాసిన తండ్రి పేరు

తక్వారెంబో ఊరి దగ్గరి ఆ పశుక్షేత్రంలో ఒలెగారియో పీరిస్‌కి ముప్పై ఒక్క ఏళ్లు గడిచాయి. విత్తనపు ఆంబోతుల పెంపకమంతా అతని చేతిమీదే సాగేది. ఏ దూడకి ఏ ఆంబోతు తండ్రో అతను ఈతల పుస్తకంలో రాస్తే ఇక తిరుగులేదు. కొనడానికి వచ్చినవాళ్లు ఆంబోతుకన్నా ముందు ఆ పుస్తకం చూసేవారు.

ఆ ఏడు పెంపకందారుల సంఘం విత్తనపు ఆంబోతులన్నిటికీ జన్యుపరీక్ష తప్పనిసరి చేసింది. పశువైద్యురాలు ఇవానా పెద్ద ఆంబోతు తోకవెంట్రుకలు కుదుళ్లతో సహా పీకి పంపింది. మూడు వారాలకి కాగితాలతో కొట్టం దగ్గరికి వచ్చింది.

"పుస్తకంలో ఉన్నది దీని తండ్రి కాదు. పైగా దీనిలో ఒక లోపం దాగుంది. అదే లోపమున్న ఆవుతో కలిస్తే నాలుగు దూడల్లో ఒకటి చచ్చి పుడుతుంది."

యజమాని దోన్ అన్సెల్మో నవ్వేశాడు. "పరీక్షశాలవాళ్లే కవర్లు తారుమారు చేసుంటారమ్మా. నా పెళ్లాం మాటైనా నమ్మనేమో గానీ, మావాడి రాత నమ్ముతా."

ఒలెగారియో టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"వాళ్ల తప్పేం లేదయ్యా. తప్పు నాది."

తొమ్మిదేళ్ల కిందట గాలివానకి తీగకంచె కూలింది. తెల్లారేసరికి పొరుగు ఆంబోతు ఆవుల మధ్య నిలబడి ఉంది. కంచె బాధ్యత అతనిదే. దాన్ని తోలేసి, తీగ బిగించి, నోరు మూసుకున్నాడు. ఈతల వేళకి రోజులు లెక్కేస్తే రెండు కోడెదూడల మీద అనుమానం కలిగింది; అందులో ఒకటే ఇప్పటి పెద్ద ఆంబోతు. అయినా రెండిటికీ తండ్రిగా ఇంటి ఆంబోతు పేరే రాశాడు.

"రెండోది ఏమైంది?" అంది ఇవానా.

"సుల్మక్కకి అమ్మాం."

దోన్ అన్సెల్మో తిట్టలేదు. పుస్తకం తీసి ఇవానా చేతిలో పెట్టాడు. "ఇకనించి నువ్వు రాయి తల్లీ."

ఆ మధ్యాహ్నమే ఒలెగారియో గుర్రమెక్కి సుల్మ ఇంటికి వెళ్లాడు. ఆమెకి మొగుడు లేడు; ఉన్నవి నలభై ఆవులు, ఒకే ఆంబోతు. దాని కూతుళ్లూ దానితోనే చూలు కట్టేవి. రెండు వసంతాల్లో ఐదు దూడలు కాళ్లు వంకరపోయి చచ్చి పుట్టాయి. నీళ్లే చెడ్డాయనుకుని ఆమె బావి పూడ్పించి, వాగునించి పీపాలతో మోసుకుంటోంది.

"నీ బావిలో ఏ దోషమూ లేదక్కా. నేనమ్మిన ఆంబోతులోనే ఉందనుకుంటున్నా," అని మొత్తం చెప్పాడు.

"అది మా ఆయన ఒక్కడే తవ్విన బావి, ఒలెగారియో."

"తెలుసక్కా."

"నీకిది తెలిసి ఎన్నేళ్లు?"

"లోపం సంగతి నిన్నటిదాకా... కాదు, ఇవాళ్టిదాకా తెలీదు. తండ్రి సంగతి మాత్రం మొదట్నించీ తెలుసు."

ఆమె సొరబుర్రలో తేయాకులాంటి మాతె ఆకుమీద వేడినీళ్లు పోసుకుని తనే తాగింది. మళ్లీ పోసుకుంది. ఇంటికొచ్చినవాళ్లకి అందించే ఆ బుర్రని అతనివైపు చాచలేదు. ఆ వాకిట్లో అతనికలా జరగడం అదే మొదలు.

పరీక్షలో సుల్మ ఆంబోతూ, దాని ఆరు కూతుళ్లూ దోషంతో తేలాయి. కబేళా లారీ వచ్చిన రోజున ఒలెగారియో పిలవకుండానే వెళ్లి, చెవిబిళ్లల నంబర్లు పైకి చదువుతూ ఒక్కొక్కదాన్నీ ఎక్కించాడు. అతను చదివిన ప్రతి నంబరూ సుల్మ వంగి, బిళ్ల తిప్పి, మళ్లీ తన కళ్లతో చూసుకుంది. ఆమె చూసుకునేదాకా అతను ఆగి, తర్వాతిది చదివాడు.