మాట మెత్తబడిన రోజు

తొలకరి చినుకు పడగానే మా కిటికీ చట్రం మీద పేరుకున్న ఎర్రటి ధూళి తడిసి ఒక వాసన వేస్తుంది. రేవులో గుట్టలుగా పోసిన ఇనుప ఖనిజం నుంచి గాలి మోసుకొచ్చే ధూళి అది. ఆ వాసన తగిలితే చేతిలో పని దానంతటదే ఆగిపోతుంది. రేవు రోడ్డులో మేడ మీది పాత గది, వాన తెరలో సగం కరిగిపోయిన యారాడ కొండ, కిటికీ పక్కన నిలబడి ఎవరి మాటో శ్రద్ధగా వింటున్న ఒక మనిషి కలలోలా కదులుతూ నా ముందుకొస్తారు. ఆవిడ పేరు సలోమి. నాకు పని నేర్పిన మనిషి.

తొంభైల నడిమిలో నేను ఆ ఆఫీసులో చేరాను. మాది పద్మనాభం. పొద్దున్నే బస్సెక్కితే కిటికీ పక్కన పచ్చటి వరిచేలు కాసేపు వెంట పరిగెత్తి, తర్వాత అలిసిపోయినట్టు ఆగిపోయేవి. ఇక అక్కణ్ణుంచి ఊరు, ఆటోలు, ఉప్పుగాలి. మాది ఓడల ఏజెన్సీ. సముద్రంలో లంగరు వేసుకుని రేవులో చోటు కోసం ఎదురుచూసే ఓడలకు మంచినీళ్ళు, కూరగాయలు, అనుమతులు, అవసరమైతే డాక్టరు, అన్నీ మేమే చూసేవాళ్ళం. సలోమి గారు మా మేనేజరు. యాభై దాటిన మనిషి, నేత చీర, మెడలో సన్నటి గొలుసుకు చిన్న శిలువ. మాట సూటిగా, పొట్టిగా ఉండేది. "ఇది తప్పు. మళ్ళీ చెయ్యి" అనేవారు. బాగుంటే ఏమీ అనేవారు కాదు.

నాకు ఆవిడ కంటే అప్పన్న అంటే ఎక్కువ భయం. అప్పన్నది జాలరిపేట. అతని అన్నదమ్ములందరూ వేటకు వెళ్తే అతను మాత్రం మా లాంచీ నడిపేవాడు. మెట్ల కింద ఉండగానే అతని గొంతు పైకి వచ్చేసేది. "ఏటమ్మా పార్వతమ్మా! కాయితాలు ఏవీ? ఎంతసేపని నిలబడతాను? ఏటి సేత్తన్నావ్ నువ్వు?" అని అరుస్తుంటే నేను రాస్తున్నది తప్పిపోయేది. మా ఇంట్లో ఎవరూ గొంతెత్తి మాట్లాడరు. మా నాన్నకు కోపం వచ్చినా గొంతు పెరగదు. అందుకని అతను నన్ను తిడుతున్నాడనే అనుకునేదాన్ని. ఒక సాయంత్రం సలోమి గారి దగ్గరకు వెళ్ళి, ఈ ఉద్యోగం నా వల్ల కాదని చెప్పేశాను. ఆవిడ కారణం అడిగారు, చెప్పాను. ఓదార్చలేదు. "రేపు పొద్దున లాంచీలో నాతో రా" అన్నారంతే.

మర్నాడు నీళ్ళ మీద పల్చటి మంచు. దూరంగా ఓడలు నేలను మరిచిపోయి గాలిలో తేలుతున్నట్టున్నాయి. ఇంజను మొదలవగానే నా మాట నాకే వినిపించలేదు. అప్పన్న చుక్కాని దగ్గర నిలబడి మాట్లాడుతున్నాడు. అదే గొంతు, అదే ఎత్తు. కానీ అక్కడ అది అరుపు కాదు, మామూలు మాట. "ఆ తాడట్టుకో తల్లీ, కెరటం వత్తంది. కడుపులో తిప్పితే సెప్పు, నెమ్మదిగా ఎల్తాను" అంటున్నాడు. ఇంజను మీద నుంచి, అలల మీద నుంచి దాటి రావలసిన ప్రేమ అంత గట్టిగానే ఉండాలని నాకప్పుడు తెలిసింది. సలోమి గారు నా వైపు చూడకుండానే అన్నారు: "మా నాన్న రైల్వేలో చేసేవాడు. ఇంట్లో అస్సలు మాట్లాడేవాడు కాదు. ఆయన చెప్పులు విప్పే చప్పుడును బట్టే ఆ రోజు ఎలా గడిచిందో మా అమ్మ చెప్పేసేది. ఒక్కొక్కరిది ఒక్కో భాష అమ్మాయ్. ముందు వాళ్ళ మామూలు గొంతు ఏదో తెలుసుకో."

అప్పటి నుంచి ఆఫీసు నాకు వేరేగా వినిపించడం మొదలైంది. కస్టమ్స్, రేవు ఆఫీసుల పనులు చూసే మూర్తి గారు ఎవరికీ కాదని చెప్పలేరు. "చూద్దాం లెండి" అంటారు. ఆ మాట అన్నారంటే ఆ పని జరగదని అర్థం. "చూస్తాను" అంటే మాత్రం జరుగుతుంది. ఒక్క మాట తేడా. సలోమి గారు ఆయన్ని ఎప్పుడూ విసుక్కోలేదు. "పాపం, మనసు నొప్పించలేడు" అని ఇంకో దారి వెతుక్కునేవారు.

ఒక ఆషాఢంలో, నాలుగు రోజులుగా వాన పడుతూ ఉండగా, లంగరు వేసుకున్న ఓడ నుంచి మా రేడియో సెట్టులో కెప్టెన్ పిలిచాడు. ఫిలిప్పీన్స్ మనిషి. రోజూ పిలిచి మా అందరి క్షేమం అడిగి, ఇక్కడి మామిడిపళ్ళను పొగిడి, నవ్వి గానీ పని చెప్పేవాడు కాదు. ఆ రోజు పలకరింపు లేదు. "చిన్న సమస్య మేడమ్. మా వంటమనిషికి కడుపునొప్పి. మీకు వీలైనప్పుడు పడవ పంపండి" అని ఆగిపోయాడు.

"వీలైనప్పుడు అన్నాడుగా, వాన తగ్గాక చూద్దాం లెండి" అన్నారు మూర్తి గారు.

సలోమి గారు సెట్టు వైపే చూస్తున్నారు. "మామిడిపళ్ళ సంగతి ఎత్తలేదు మూర్తీ. ఆ మనిషి భయపడుతున్నాడు. అప్పన్నను పిలవండి."

అప్పన్న వచ్చాడు. మెట్ల మీద అతని గొంతు వినిపించలేదు. తడిసిన తువ్వాలు చేతిలో నలుపుకుంటూ విషయం విన్నాడు. "అలాగే అమ్మగోరూ. ఎల్తాను" అన్నాడు. అంత మెత్తగా అతను మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. సలోమి గారు అప్పటికే ఆసుపత్రికి ఫోన్ తిప్పుతున్నారు. అప్పన్న గుమ్మం దాటుతున్నాడు.

అడగకుండా ఆ గదిలో నేను నోరు విప్పిన రోజు లేదు. "మేడమ్! అప్పన్న మెల్లగా మాట్లాడుతున్నాడు" అన్నాను.

ఆవిడ ఫోన్ పెట్టేసి నన్ను చూశారు, తర్వాత అతన్ని చూశారు. "అప్పన్నా, నిజం చెప్పు. వెళ్ళగలవా?"

అతను తల దించుకున్నాడు. "బయట సంద్రం బాగోలేదమ్మా. మన లాంచీ తట్టుకోదు. కానీ అక్కడ మనిషి కట్టంలో ఉంటే నాను ఎల్లనని ఎలాగ సెప్తాను?"

అలాంటి సముద్రంలోకి ఓడలను లాగే పెద్ద టగ్గు కావాలి, అది రేవు వాళ్ళ చేతిలో ఉంటుంది. మూర్తి గారు గొడుగు తీసుకుని రేవు ఆఫీసుకు పరుగున వెళ్ళారు. కాసేపటికి సగం తడిసి తిరిగొచ్చి, రొప్పుతూ నిలబడ్డారు. "మేడమ్, ఆఫీసరు గారు చూద్దాం లెండి అన్నారు. ఆ మాటకు అర్థమేమిటో నాకంటే ఎవరికి తెలుసు? మీరే వెళ్ళండి."

సలోమి గారు వెళ్ళారు. అక్కడేం మాట్లాడారో నాకు తెలియదు. టగ్గు బయలుదేరింది. ఓడ నిచ్చెన దగ్గర సాయానికి అప్పన్న కూడా ఎక్కాడు. మేం కిటికీ దగ్గర నిలబడ్డాం. కొండ లేదు, సముద్రం లేదు, అంతా ఒకే బూడిదరంగు. ఆ రంగులోకి వెళ్ళిన మనుషులు తిరిగొస్తారా అనిపించింది. మధ్యాహ్నం దాటాక మెట్ల కింద నుంచి ఒక కేక: "ఏటమ్మా పార్వతమ్మా! టీ అయినా ఇత్తారా లేదా?" మూర్తి గారు కుర్చీలో కూలబడి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. వంటమనిషిని ఆసుపత్రికి చేర్చారు. పేగు పగలకముందే ఆపరేషన్ అయింది, బతికాడు.

ఆ సాయంత్రం సలోమి గారు నాతో ఏమీ అనలేదు. ఫ్లాస్కులోంచి టీ తనే వంచి, కప్పు నా బల్ల మీద పెట్టి, ఒక్క క్షణం నిలబడి వెళ్ళిపోయారు. ఆవిడ భాష నాకు అప్పటికి వచ్చేసింది. ఆ టీ చల్లారేదాకా తాగలేకపోయాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు ఆవిడ రిటైరయ్యారు, ఇంకొన్నాళ్ళకు కన్నుమూశారు. ఇప్పుడు మరో ఆఫీసులో నా కింద పాతికమంది పనిచేస్తున్నారు. ఎవరు బాగా మాట్లాడతారు, ఎవరు మాట్లాడరు అని నేను లెక్క వేయను. ఎవరి మామూలు గొంతు ఏదో మాత్రం నాకు తెలుసు. మొన్న వాళ్ళలో ఒకమ్మాయి, స్రవంతి, నా గది తలుపు తోసుకుని వచ్చింది. పక్క గదిలో ఉన్నా ఫోన్‌లో మెసేజీయే పెట్టే పిల్ల అది. "ఏం లేదు మేడమ్, ఊరికే వచ్చాను" అంది. నేను చేస్తున్న పని పక్కన పెట్టేసి, లేచి తలుపు వేసి, ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాను.