ఆటలమ్మ చేసిన పెళ్లిచూపులు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లేదు. ఎమ్మెస్సీ జువాలజీ పట్టా కొత్తగా చేతికొచ్చింది, ఆసిఫాబాద్‌లో జూనియర్ లెక్చరర్ ఉద్యోగం అంతకన్నా కొత్తగా వచ్చింది. పెళ్లి కాని వయసులో ఈ రెండూ ఒకేసారి వస్తే ఎవడి కాళ్లైనా నేల మీద నిలవవు. (ఇప్పుడు నాకు తెలిసినవేమిటో వెతుక్కుందామంటే ముందు కళ్లజోడు దొరకాలి.) దొరికినవాళ్లకు దొరికినట్టు పాఠం చెప్పేవాణ్ని. బస్సులో పక్కన కూర్చున్నాయనకు కప్ప గుండె గురించి చెప్పాను. ఆయన తన ఊరు రాకముందే దిగిపోయాడు. క్షవరం చేసేటాయనకు వెంట్రుక మొదలు గురించి చెబితే, కత్తి మెడ మీదుండగా మాట్లాడొద్దని బతిమాలాడు. అన్నింటిలోకీ నాకు ప్రాణమైన పాఠం మాత్రం ఒంట్లోని రక్షణ వ్యవస్థ. టీ కణాలన్న మాట వినపడితే చాలు, నేను అన్నం కూడా మరిచిపోయేవాణ్ని.

ఆ ఎండాకాలం మొదట్లో మా పిల్లల హాస్టల్లో ఆటలమ్మ దిగింది. పిల్లలు బెదిరిపోయారు, వండేవాళ్లు గుమ్మం దగ్గరే గిన్నెలు పెట్టి పోతున్నారు. నేను మాత్రం నిక్షేపంగా లోపలికి వెళ్లి, వాళ్ల మంచాల మీదే కూర్చుని, నుదుళ్లు తాకి చూసి ధైర్యం చెప్పాను. "ఒకసారి ఆటలమ్మ పోసినవాళ్లకు మళ్లీ పోయడం చాలా అరుదు. ఆ వైరస్‌ను గుర్తుపట్టే టీ కణాలు ఒంట్లో కాపలా ఉంటాయి. నాకు చిన్నప్పుడే పోసింది, ఇదిగో రుజువు" అని కనుబొమ మీద గుంటను వేలితో చూపించాను. ఆ గుంట సంగతి నేను ఎవరినీ అడగలేదు. అంత చదువుకున్నవాణ్ని, ఇంకొకరిని అడగడమేమిటి?

ఆ తర్వాత రెండు వారాలకు మా బాపు (నాన్నను మేం అలాగే పిలుస్తాం) నన్ను ధర్మపురికి పెళ్లిచూపులకు తీసుకెళ్లాడు. అమ్మాయి కరీంనగర్‌లో లెక్కల డిగ్రీ పూర్తిచేసి వచ్చిందట. బుగ్గ మీద చిన్న ఆటలమ్మ మచ్చ, చాప మీద ఎటూ చూడకుండా కూర్చునే పద్ధతి. చూడగానే నాకు ఒళ్లు వెచ్చబడింది. అది ప్రేమ అనుకున్నాను. అమ్మాయి బాపు మర్యాదకు "నౌకరి ఎట్లున్నది సారూ?" అని అడిగిన పాపానికి, నేను ఏ తరగతికి ఏ పాఠం చెబుతానో, ఎందుకు చెబుతానో మొదలుపెట్టాను. చాయ్ చల్లారి మీగడ కట్టింది. మా బాపు నా మోకాలు రెండుసార్లు గిల్లాడు. చివరికి ఆ పెద్దాయనే సందు చూసుకుని, కూతురు వైపు తిరిగి, "ఏమంటవు బిడ్డా? నీ మనసుల ఉన్నది జెప్పు" అన్నాడు.

అమ్మాయి తలెత్తి నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే వాళ్ల బాపమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగుండ్రి. గా పిలగాని మెడ మీద గదేంది?"

అందరూ నా మెడ చూశారు. నీటి పొక్కు. చొక్కా గుండీ తీయించి చూస్తే ఛాతీ నిండా పూసలు పోసినట్టే ఉంది. బాపమ్మ రెండు చేతులూ జోడించి నా మెడకు దండం పెట్టింది. "తల్లి వచ్చింది. మన గడపల్నే వచ్చింది. ఇగ పిలగాడు ఎటు పోవద్దు."

"నాకు రాదండీ, చిన్నప్పుడే పోసింది. ఇదిగో మచ్చ" అన్నాను, అప్పటికీ పట్టు వదలకుండా.

"గది మచ్చ గాదురా" అన్నాడు మా బాపు నింపాదిగా. "మ్యాకపోతు గుద్దింది. సవారి జేస్తనని దాని మీదికెక్కినవు. నీకు పోసింది తట్టు. ఆటలమ్మ ఎన్నడు పొయ్యలే."

అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. నేను ఆమె గొంతు వినడం అదే మొదలు.

బాపమ్మ అక్కడికక్కడే చట్టాలు ప్రకటించింది. తల్లిని సాగనంపేదాకా వచ్చినవాళ్లు ఊరి పొలిమేర దాటొద్దు. పొయ్యి మీద తాళింపు చిటపటలు వినపడొద్దు. ఇంట్లో కారం, మసాలా, మాంసం ఊసు ఉండొద్దు. అన్నింటికన్నా ముఖ్యమైనది ఆఖరున చెప్పింది. "తల్లి ఇంట్ల ఉండంగ పెండ్లి మాట ఎత్తద్దు. ఏమడిగేదున్నా తల్లి పోయినంక అడుగుండ్రి." నా ప్రాణమంతా ఆ అమ్మాయి నోటి దాకా వచ్చి ఆగిన మాట మీదే ఉంది. అది అవునో కాదో తేలకుండానే నన్ను తీసుకెళ్లి పక్కగదిలో వేపాకుల మీద పడుకోబెట్టారు.

"పెద్దమ్మా, ఇంటికాడ పసుపు ఉడుకవెట్టేదున్నది" అని మా బాపు గొణిగాడు.

"పసుపు ఎటు వోదు, కూసో" అంది బాపమ్మ.

ఇక నాకు సేవ ఎవరు చేయాలి? ఆటలమ్మ ఇదివరకే పోసినవాళ్లే దగ్గరికి రావాలి. అమ్మాయి తల్లికీ తండ్రికీ అది ఎన్నడూ రాలేదు. మా బాపుకు వచ్చింది గానీ, ఆయన పాలు కాస్తే పొయ్యికి అభిషేకమే. బాపమ్మకు మోకాళ్ల నొప్పులు. మిగిలింది అమ్మాయి. నన్ను చూసి అవునో కాదో చెప్పాల్సిన మనిషే, ఒళ్లంతా పొక్కులతో, గడ్డం మాసి, దురద ఆపుకోలేక మెలికలు తిరుగుతున్న నన్ను పొద్దున్నా సాయంత్రం చూడాల్సి వచ్చింది. ఏ పెళ్లికొడుకుకీ ఆ గతి పట్టకూడదు. ఆమె చప్పటి పెరుగన్నం తెచ్చి పెట్టి, వేపమండ చేతికిచ్చి, "గోకద్దు, మచ్చలైతయి. మ్యాకపోతు కొట్టిందని అందరు నమ్మరు" అని వెళ్లేది. ఆ ఒక్క మాట కోసం నేను పూటంతా ఎదురుచూసేవాణ్ని. నిజం చెబుతున్నాను, అంత సుఖమైన జబ్బు నాకు మళ్లీ రాలేదు.

ముందు వాకిట్లో మా బాపూ, వాళ్ల బాపూ గవ్వలు తెచ్చుకుని పచ్చీసుకు కూర్చున్నారు. మొదట్లో "మీరెయ్యుండ్రి" అంటే "గట్లెట్ల, మీరెయ్యుండ్రి" అనుకున్నారు. నా పొక్కులు పక్కు కట్టేసరికి "అరె బావా, తొండి చెయ్యకు" దాకా వచ్చింది. ఏ సంబంధమూ కుదరకుండానే వాళ్లు బావలైపోయారు. అది పెళ్లి మాట కిందికి వస్తుందని బాపమ్మకు తట్టలేదు, తట్టించే ధైర్యం నాకు లేదు.

జ్వరం దిగిన మధ్యాహ్నం, అమ్మాయి గుమ్మంలో కూర్చుని తనంతట తానే అడిగింది. "మీ బాపు చెప్పిండు. హాస్టల్ల పోరగాండ్లకు ఏదో పాఠం జెప్పిన్రట. గా కణాలేంటియి?"

ఇంకేం కావాలి నాకు? సుద్దముక్క లేదు, బోర్డు లేదు. పక్కనున్న వేపాకులు దూసి దుప్పటి మీద పరిచాను. వైరస్ ముక్కులోంచి ఒంట్లోకి దూరుతుందనీ, కాపలా కణాలు దాని తునక ఒకటి పట్టుకుని మెడ కింద బిళ్లల్లా ఉండే లింఫు గ్రంథుల దగ్గరికి మోసుకెళతాయనీ మొదలుపెట్టాను. అక్కడ టీ కణాలు ఉంటాయి. ఛాతీ ఎముక వెనక ఉండే థైమస్ గ్రంథిలో చదువు ముగించుకుని వచ్చినవి. ఒక్కోదానికి ఒక్కో ఆకారమే తెలుసు. తట్టును పట్టేది ఆటలమ్మను పట్టలేదు (నా బతుకే అందుకు సాక్ష్యం). అన్నింటిలోనూ ఏ కొన్నింటికో ఈ తునక సరిపోతుంది. అంతే, ఆ ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. నేను ఆకుల మీద ఆకులు పేరుస్తూ పోయాను. ఆ దండు బయల్దేరి, వైరస్ దాక్కున్న కణాలను వెతికి చంపుతుంది. పని ముగిశాక దండులో చాలా వరకు దానంతటదే చచ్చిపోతుంది. ఇక్కడ ఆకులన్నీ చేత్తో కిందికి ఊడ్చేసి నాలుగు మాత్రం మిగిల్చాను. ఇవి ఉండిపోతాయి. కొన్ని నెత్తురులో తిరుగుతుంటాయి, కొన్ని బిళ్లల్లో కూర్చుంటాయి. అదే వైరస్ మళ్లీ వస్తే వీటికి పరిచయాలు అక్కర్లేదు, వెంటనే లేచి పెరుగుతాయి. (చర్మంలోనే కాపురం పెట్టేవీ ఉన్నాయని తర్వాతి కాలంలో చదివాను. అప్పుడే చెప్పానని ఇప్పుడు గొప్పలకు పోను.)

"పనైనంక సచ్చుడెందుకు? ఉంచుకోవద్దా?" అని ఆమె అడిగింది.

"అందరినీ ఉంచుకుంటే ఒళ్లు మోయలేదు కదా."

"అవు, మా ఇల్లు గట్లనే ఉన్నది ఇప్పుడు" అని వాకిట్లో మా బాపు వైపు చూసింది. తర్వాత ఆ నాలుగు ఆకుల్నీ వేలితో లెక్కపెట్టింది. "అంటే పెండ్లి ఇంటి లెక్కన్నట్టు. కుదిరెదాక ఒక్కరు కానరారు. కుదిరిందంటే ఎక్కడెక్కడి చుట్టాలో దిగుతరు. అయిపోయినంక అందరు ఎల్లిపోతరు, ఒక్క మేనత్త ఉండిపోతది. గంగాళం ఏడున్నది, ఎవరు దేనికి అలుగుతరు, అన్ని ఆమెకే ఎరుక. ఇంకో పెండ్లి వచ్చిందనుకోండ్రి..."

"ఏమే" అంటూ బాపమ్మ గొంతు వచ్చింది. "తల్లి ఇంట్ల ఉండంగ పెండ్లి మాట ఎత్తద్దని జెప్పలేదానే?"

అమ్మాయి నాలుక్కరుచుకుంది. బుగ్గ మీద మచ్చ ఒక్కటే తెల్లగా మిగిలి, తక్కినదంతా ఎర్రబడింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. బాపమ్మ లోపలికొచ్చి, దుప్పటి మీద వరసగా ఉన్న వేపాకుల్ని, వాటి ముందు నన్ను చూసి మెత్తబడింది. "ఎంత సదివితే ఏంది, పిలగానికి భక్తి ఉన్నది" అంది. మిగిలిన నాలుగు టీ కణాలనూ కళ్లకద్దుకుని మరీ వెళ్లింది.

పొక్కులన్నీ రాలాక నాకు వేపనీళ్లతో తలంటారు. పెరుగన్నం, శాక పోయడానికి బెల్లం నీళ్లు తీసుకెళ్లి పోచమ్మ గుడి దగ్గర తల్లిని సాగనంపి వచ్చారు. తిరిగొచ్చిన ఘడియలోనే వంటింట్లో ఎండుమిరపకాయల తాళింపు చుయ్‌మంది. ఇద్దరు బావలూ పచ్చీసు ఆట వదిలేసి ఆ వాసన పీల్చుకుంటూ నిలబడ్డారు. అందరం విస్తళ్ల ముందు కూర్చున్నాక పప్పు గిన్నెతో అమ్మాయి వచ్చింది. వాళ్ల బాపు గొంతు సవరించుకున్నాడు.

"ఇగ చెప్పు బిడ్డా. ఆ పొద్దు ఏదో అనవోతివి."

ఆమె ముందు నా విస్తట్లో పప్పు వడ్డించింది. తర్వాత ఎవరినీ చూడకుండా, "ఇంత గనం వేపాకులేసి బాగుజేసింది ఇంకొకరికిచ్చెటందుకా?" అంది.

మా బాపు ఆనందం పట్టలేక తుండుగుడ్డతో కళ్లు తుడుచుకుని, మిరపకాయ ఘాటని చెప్పాడు. నేను ఆ పూట ఎన్నిసార్లు పప్పు వేయించుకున్నానో నాకే తెలియదు. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ టీ కణాల పాఠం పెండ్లి ఇంటి లెక్కలోనే చెప్పాను, మా ఇంటావిడ మాట అని చెప్పి మరీ. పిల్లలకు పరీక్షలో అదొక్కటే గుర్తుండేది.

మొన్న ఎడమ పక్కటెముకల మీద భగ్గున మంట, బారుగా పొక్కులు. డాక్టరు చూసి అక్కి అన్నాడు. నాకు ఆయన చెప్పక్కర్లేదు. ఆనాటి ఆటలమ్మ వైరస్ ఒంట్లోంచి పోనేలేదు. నరాల మొదట్లో దాక్కుని ఉంది. ఇన్నేళ్లూ దాన్ని అణిచిపెట్టినవి ఆ మిగిలిన కణాలే. వాటికీ వయసు మీదపడింది, కాస్త కునుకు పట్టింది, అది బయటికొచ్చింది. మా ఆవిడ మందు బిళ్లలు ఇచ్చి, ఎక్కడినుంచో వేపమండ కూడా తెచ్చి నా చేతికిచ్చింది. "మీ మేనత్త నిద్రపోయినట్టున్నది" అంది.

ఆమె నవ్వుతుంటే, బుగ్గ మీది మచ్చ ముడతల్లో కలిసిపోయి కనపడకుండా పోయిందని అప్పుడే గమనించాను. ఆ మచ్చ ఎక్కడుండేదో నాకు తెలుసు గనక అక్కడే చూస్తూ కూర్చున్నాను. ఎన్నో ఏళ్లుగా అడుగుతూనే ఉన్న ప్రశ్న మళ్లీ నోటికొచ్చింది. ఆ రోజు బాపమ్మ చెయ్యి అడ్డం పెట్టకముందు, నోరు తెరిచి ఏం చెప్పబోయిందో నాకు ఇప్పటికీ తెలియదు.

"నిజం జెప్పు. ఆ పొద్దు వద్దందామనే అనుకున్నవు గదా?"

ఆమె నా దుప్పటి సర్ది, వేపమండ నా పక్కన పెట్టి లేచింది.

"తల్లి ఇంట్ల ఉండంగ పెండ్లి మాట ఎత్తద్దు" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.