దొరసాని చెట్టుకు అంత్యక్రియలు

అనుమానం ముందు పుట్టి ఆ తర్వాత నేను పుట్టానని మా అమ్మ అనేది. ఆ మాట ఎంత నిజమో తెలియాలంటే, నా పాతికేళ్ల వయసులో, షాలిబండ నుంచి ఫలక్‌నుమా పోయే రోడ్డు మీద, పట్టపగలు, నలభై మంది మగవాళ్లు నన్ను హంతకుడనుకుని చుట్టుముట్టిన కథ మీరు వినాలి. చచ్చింది ఎవరని కంగారు పడకండి. చచ్చింది ఒక చెట్టు. అది కూడా నిజం చెట్టు కాదు.

యుద్ధం రోజులవి. నేను ఒక ఇంగ్లీషు ఇంజనీరు ఆఫీసులో టెంపరరీ గుమాస్తాను. దొరకు బదిలీ అయింది, శనివారం ప్రయాణం. పోయే ముందు ఆయన నా గురించి ఒక మంచి ఉత్తరం రాసిస్తే నేను పర్మనెంటు. రాయకపోతే, నేనూ కొత్తగా కాపురానికి వచ్చిన నా భార్య యాదమ్మా మూటాముల్లె సర్దుకుని మా మామగారి పంచన చేరాలి. దొర సంతకం పెడతాడే గాని, ఎవరికి ఏం రాయాలో చెప్పేది దొరసాని. ఆ సంగతి ఆఫీసులో బంట్రోతుకు కూడా తెలుసు.

ఆ దొరసాని సోమవారం నన్ను బంగళాకు పిలిపించింది. మూలన ఒక చెట్టు నిలబెట్టి ఉంది. క్రిస్మస్ పండక్కి దీపాలు పెట్టుకునే చెట్టట. బాతు ఈకలకు ఆకుపచ్చ రంగు వేసి, ఇనుప తీగలకు చుట్టి కొమ్మలు చేశారు. కొమ్మల చివర ఎర్ర పూసలు, వాటి మీద కారి గట్టిపడిన కొవ్వొత్తి మైనం. ఈకలు సగం రాలి, జబ్బు చేసిన రామచిలకలా ఉంది.

"ఇది పాతబడింది. వదిలించు," అంది ఇంగ్లీషులో. "రోడ్డు మీద పారేయకు. పశువులు తింటే తీగలు కడుపులో గుచ్చుకుంటాయి. కాల్చకు, కంపు. పద్ధతిగా వదిలించు. శనివారం వచ్చి ఏం చేశావో చెప్పు."

ఇందులో అనుమానించడానికి ఏముందని మీరడగవచ్చు. మీరు మంచివాళ్లు కాబట్టి అడుగుతున్నారు. నేను జట్కా ఎక్కేలోపే నా బుర్ర పని మొదలుపెట్టింది. పారేసే వస్తువుకు ఇన్ని షరతులా? అంతకుముందు ఏడు మా ఆఫీసులో ఒకడు, పారేయమన్న కుర్చీని అమ్ముకుని ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఇదీ అలాంటి పరీక్షే. ఈ చెట్టు ఎవరి చేతిలోనైనా కనబడిందా, నా ఉత్తరం గోవిందా.

చెట్టును పాత తెల్ల దుప్పటిలో చుట్టి ఇంటికి తెచ్చి మంచం కింద దాచాను. యాదమ్మ వంగి చూసింది.

"ఏందయ్యా గిది?"

"ఆఫీసు రహస్యం. ఎవ్వరికి చెప్పకు."

"ఈకలు, మైనం, ఎర్ర పూసలు. బాణామతి సామాను లెక్క ఉన్నది. నేనీ మంచం మీద పండ."

చేతబడి భయంతో ఆమె నాలుగు రోజులు వంటింట్లో పడుకుంది. నేను మాత్రం చెట్టుకు కాపలాగా మంచం మీదే ఉన్నాను. గాలికి దుప్పటి కదిలితే "ఎవరది" అనేవాణ్ణి.

బుధవారం తలుపు తట్టారు. బక్కపలచటి మనిషి, చంకలో కోడి ఈకల కట్ట. పేరు మస్తాన్. దుమ్ము దులిపే ఈకల కుంచెలు కట్టి బేగంబజార్‌లో అమ్ముతాడట.

"సాబ్, దొరసాని అమ్మ తోలిచ్చింది. ఈకల చెట్టు నాకియ్యమన్నది. ఈకలు నేను కుంచెలకు వాడుకుంట, తీగ కమ్మరాయనకిస్త."

"ఏ చెట్టు? నా తాన ఏ చెట్టు లేదు."

"గట్లంటవేంది సాబ్. ఇగో చిట్టీ."

చిట్టీ చూశాను. దొరసాని వాడే కాగితమే. దొరసాని దస్తూరీయే. ఇంగ్లీషులో, "దయచేసి ఆ చెట్టును ఇతనికి ఇవ్వండి" అని ఉంది. అక్కడే దొంగ దొరికిపోయాడు. నిజం చెప్పండి, ఇంగ్లీషు దొరసాని టెంపరరీ గుమాస్తాను దయచేసి అంటుందా? రెండేళ్ల నౌకరీలో నన్ను ఎవరూ ఆ మాట అన్న పాపాన పోలేదు. దొర అయితే నన్ను పిలవడానికి బల్ల మీద రూళ్లకర్రతో కొడతాడు, అంతే.

"ఎవరు రాసిచ్చిండ్రు నీకిది?" అన్నాను.

"అమ్మనే రాసింది, నా ముంగట."

"చూడు మస్తాన్, పోలీసులను పిలువకముందే పో."

అతను నన్ను కింది నుంచి మీదికి చూశాడు. "తబియత్ బాగలేనట్టున్నది సాబ్‌కు," అని యాదమ్మకు చెప్పి వెళ్లిపోయాడు. ఎంత తెలివిగా దొంగను పట్టుకున్నానో అని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఇక ఆలస్యం చేయకూడదు. ఊరి బయట, ఫలక్‌నుమా అవతల బంజరు భూమిలో లోతుగా పాతిపెడితే పశువులు తినవు, కంపు రాదు, ఎవరి చేతిలోనూ పడదు. ఇంతకన్నా పద్ధతి ఏముంటుంది? నవాబుల రాజ్యం కదా, శుక్రవారం ఆఫీసుకు సెలవు. మధ్యాహ్నం అందరూ జుమ్మా నమాజులో ఉంటారు, రోడ్డు ఖాళీ. షేర్వానీ తొడుక్కున్నాను, కుచ్చు వేలాడే ఎర్ర రూమీ టోపీ పెట్టుకున్నాను. ఆ రోజుల్లో ఏ మతం గుమాస్తాకైనా అదే వేషం. తెల్ల దుప్పటి మూటను రెండు చేతులతో ఎత్తుకుని, చంకలో గడ్డపార ఇరికించుకుని బయల్దేరాను.

నమాజు మొదలవుతుందని లెక్కేశాను గాని, అయిపోతుందన్నది నా లెక్కలో లేదు. మసీదు ముందుకు వచ్చేసరికి జనమంతా బయటికి వస్తున్నారు. నన్ను చూడగానే మాటలు ఆపేశారు. ఒక తెల్లగడ్డం పెద్దాయన వచ్చి నా పక్కనే నడుస్తూ చేతులు చాచాడు.

"ఇయ్యి బేటా. జరసేపు మేం మోస్తం."

"వద్దు. నేనే మోస్త."

"గట్లనకు. నాలుగడుగులు మోసినా మాకు సవాబ్."

దారిన శవం పోతుంటే తెలిసినవాళ్లయినా కాకపోయినా నాలుగడుగులు మోస్తే పుణ్యమని పాతబస్తీలో పసిపిల్లవాడికి కూడా తెలుసు. నాకూ తెలుసు, అక్కడే పుట్టాను. నా చేతుల్లో ఉన్నది వాళ్ల కళ్లకు ఎలా కనబడుతోందన్నది మాత్రం తట్టలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. నేను భుజం ఇస్తామని వచ్చినవాళ్లనే గుమ్మడికాయల దొంగలనుకున్నాను. వీళ్లంతా మస్తాన్ మనుషులే. మూటను గుండెకు ఇంకా గట్టిగా హత్తుకున్నాను. అది చూసి వెనక ఎవరో వెక్కి ఏడ్చారు.

"ఎన్నేండ్లు బేటా?" అన్నాడు పెద్దాయన.

సరుకు విలువ కడుతున్నాడనుకున్నాను. "ఎనిమిదేండ్లు ఉంటదేమో."

ఆయన రుమాలుతో కళ్లొత్తుకున్నాడు. "నీకు ఒక్కటేనా?"

"నాది కాదు. దొరసానిది."

నడుస్తున్న జనం ఆగిపోయారు.

"దొరసానిదా? మరి నీ తాన ఎందుకున్నది?"

"ఎవ్వరికి దొరకకుండ వదిలించాలె. చెప్తున్న వినుండ్రి, ముట్టుకుంటే అందరు జేల్‌కు పోతరు."

"చంకల గడ్డపార చూడుండ్రి," అన్నాడొక పహిల్వాన్. "తోడుకు ఒక్క మొగోడు లేడు, ముల్లా లేడు. వీడేదో చేసిండు. బట్ట తియ్యి."

"తియ్య."

ఒక చివర నేను, ఒక చివర పహిల్వాన్. దుప్పటి చిరిగింది. ఆకుపచ్చ ఈకలు గుప్పున లేచి అందరి గడ్డాల మీదా వాలాయి.



"పిల్ల కాదు. పక్షి," అన్నాడొకడు.

"గింత పక్షా? తలకాయేది మరి?"

"మైనం చూడుండ్రి. జాదూ అయి ఉంటది. దూరం జరుగుండ్రి."

నలభై మంది ఒకేసారి నాలుగడుగులు వెనక్కి వేశారు. పహిల్వాన్ అందరికన్నా వెనకున్నాడు. ఆ ఖాళీలోంచి నమాజు టోపీతో ముందుకు వచ్చాడు మస్తాన్.

"జాదూ లేదు, ఏం లేదు. దొరసాని పండుగ చెట్టు గది. పారెయ్యమని ఇచ్చింది. మొన్న నాకియ్యమంటే ఈ సాబ్ ఇయ్యకపాయె."

జనం నవ్వడం మొదలుపెట్టారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. రోడ్డు పక్కన అరుగు మీద కూలబడి రెండు చేతులూ పైకెత్తాడు. "ఎవరి పిల్లా పోలేదు. అల్లాకు షుకర్," అన్నాడు. ముక్కూముఖం తెలియని నా కోసం ఏడ్చిన మనిషిని నేను దొంగ అనుకున్నాను. అంత సిగ్గు నాకు జీవితంలో మళ్లీ కలగలేదు. ఆయన కాళ్లు పట్టుకోబోతే, "పో బేటా, ఇంటికి పోయి నీళ్లు తాగు," అన్నాడు.

చెట్టును మస్తాన్ చేతుల్లో పెట్టాను. పెడుతూ, పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది, "ఆ చిట్టీ ఇంకోసారి చూపిస్తవా?" అన్నాను.

శనివారం దొరసాని ముందు నిలబడ్డాను. ఆమెకు అప్పటికే అంతా తెలుసు. మస్తాన్ కట్టిన ఆకుపచ్చ కుంచె బల్ల మీద ఉంది.

"నా చిట్టీ ఎందుకు నమ్మలేదు?"

అబద్ధం చెప్పే ఓపిక లేదు. "దయచేసి అని రాశారమ్మా. అందుకని మీరు రాసింది కాదనుకున్నాను."

ఆమె దొర వైపు చూసింది. దొర కిటికీ వైపు చూశాడు. ఆమె ముఖం ఎర్రబడింది. కూర్చుని తనే ఉత్తరం రాసి దొర చేత సంతకం పెట్టించింది. గేటు దాటాక చదివాను. ఉన్నవి రెండే ముక్కలు. "ఈయనకు అప్పగించిన వస్తువు మరొకరి చేతికి పోదు. నేనడిగినా ఇవ్వలేదు."

కొత్త దొర అది చదివి ఎంతో సంతోషించి నన్ను పర్మనెంటు చేశాడు. ఆఫీసులో పనికిరాని సామాను పడేసే గోదాము ఒకటుంది. దానికి కాపలాదారుగా. అక్కడే ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను.

అందుకని, పాఠక మహాశయుల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. నన్ను ఏ అధికారి అయినా దయచేసి అని అడిగితే, ఆ వస్తువును అనుమానించకుండా ఆ క్షణమే అప్పగిస్తాను. ముప్పై ఏళ్లలో ఒక్కరూ అడగలేదు గనక, ఆ ఒట్టు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.