లూకన్‌లో ఉండే వదిన

అరవై ఏళ్ళు వచ్చేదాకా నేనేమీ రాయలేదు, ఎందుకంటే నాకు అక్షరాలు వచ్చేవి కావు. చిన్నప్పుడు బడి మా ఇంటి వెనకే ఉండేది. నా చంకలో చెల్లెలు ఉండేది. గోడ ఇవతల నిలబడి విని ఎక్కాలన్నీ నోటికి నేర్చుకున్నాను కానీ, అక్షరం వింటే రాదు కదా, చూడాలి. పెళ్ళయ్యాక ఇంట్లో చదవడం, రాయడం ఆయన పని. ఆయన పోయాక కూతురి దగ్గరికి ఐర్లాండు వచ్చాను. మనవరాలిని శనివారం తెలుగు క్లాసుకి తీసుకెళ్తూ, డబ్లిన్ పక్కన లూకన్‌లో, ఆఖరికి నేనూ నేర్చుకున్నాను.

ఆ క్లాసులో పిల్లల వెనక బెంచీ మీద, నాలాగే మనవణ్ణి తెచ్చే ఒకావిడ కూర్చునేది. తెలంగాణావిడ, చదువుకున్న మనిషి. నేను వదినా అన్నాను, ఆవిడ వదినె అంది. పిల్లలకిచ్చే కాగితాల్లో ఒకటి నాకూ ఇప్పించి, పక్కన కూర్చుని దిద్దించేది. ఒకసారి తొందరలో ఒక అక్షరానికి తలకట్టు పెట్టడం మరిచిపోయాను.

"టోపీ లేకుంట బయటికి పంపుతవా వదినె దాన్ని? గీ చలికి సచ్చిపోతది" అంది.

ఇద్దరం పకపకా నవ్వితే, పిల్లలతో పాటు మమ్మల్ని కూడా టీచరమ్మ కసిరింది.

మిగతా రోజుల్లో పిల్లల్ని బడిలో దింపి ఇద్దరం, ఆవిడ కుంటు నడకకి తగ్గట్టు మెల్లగా, పార్కు చుట్టూ నడిచేవాళ్ళం. అలా రెండేళ్ళు. మా అమ్మాయి డాక్టరు. డబ్లిన్‌లో బోమాంట్ ఆసుపత్రిలో పని అయిపోయి, దేశానికి ఆ చివర ఎన్నిస్ వైపు ఉద్యోగం వచ్చింది. మేం ఇల్లు మారే వారం వదిన ఇండియాలో ఉంది, ఎవరిదో పెళ్ళికి వెళ్ళింది. చెప్పకుండానే వచ్చేశాను. రోజూ కనపడే మనిషి కదా అని ఫోన్ నంబరు కూడా ఎప్పుడూ తీసుకోలేదు.

ఎన్నిస్‌లో పగలంతా నేను, వాషింగ్ మెషీను. అందుకే అమ్మాయి "ఈ వీకెండ్ డబ్లిన్ వెళ్దాం అమ్మా, అక్కడున్నన్నాళ్ళూ నీకు ఊరే చూపించలేదు" అన్నప్పుడు నాకు ఒకటే తోచింది. వదినని చూడొచ్చు. పైకి అనలేదు. డబ్లిన్ అంటే అందులో లూకన్ కూడా ఉంటుందిలే అనుకున్నాను.

శనివారం ఊరంతా తిప్పారు. కోట చూశాం, రాతి చర్చి చూశాం, లిఫీ నది మీద వంతెనలన్నీ ఎక్కి దిగాం. ఏ బోర్డు చూసినా రెండు భాషల్లో ఉంది, రెండూ నాకు రావు. అమ్మాయీ అల్లుడూ ముందు నడుస్తున్నారు. మనవరాలి చెవుల్లో పాటలు. సంచులు పట్టుకుని నేను వెనక. ఒక పాత లైబ్రరీలో, గాజు కింద చేతిరాత పుస్తకం పెట్టారు. ఒక్కో అక్షరానికి రంగులు, చుట్టూ తీగలు, పక్షులు. రాసినవాడికి ఎక్కడా తొందరే లేదు. "చూశావా వదినా" అనబోయి పక్కకి తిరిగాను. ఎవరో పెద్దాయన, నాకు అడ్డు వచ్చాననుకున్నాడేమో, సారీ చెప్పి జరిగాడు.

ఆ సాయంత్రం హోటల్ గదిలో ఇక ఆగలేకపోయాను.

"రేపు లూకన్ వెళ్దామా?"

"అక్కడేముందమ్మా చూడ్డానికి?" అంది అమ్మాయి.

"వదిన ఉంది."

"ఏ వదిన?"

చెప్పాను. వెంటనే ఫోన్ తీసింది. "పేరు చెప్పు, ఎవరినైనా అడుగుతాను."

నేను పొద్దుటి సంచులు సర్దడం మొదలుపెట్టాను.

"అమ్మా! రెండేళ్ళు కలిసి తిరిగావు, పేరు తెలీదా?"

"వదినని పేరు పెట్టి పిలుస్తారుటే?"

"బట్ దట్స్ నాట్ హర్ నేమ్, అమ్మమ్మా" అంది మనవరాలు మంచం మీంచి.

"మరి వాళ్ళ మనవడి పేరు నువ్వు చెప్పు" అన్నాను దానితో.

"ఐ డోంట్ నో. హీ వాజ్ ఓన్లీ స్మాల్."

నిజమే. వాణ్ణి మేమంతా బుజ్జిగాడనే పిలిచాం.

అల్లుడు నవ్వు ఆపుకుంటూ, సరే అనడానికి ఇక్కడివాళ్ళు అనే మాటతో, "గ్రాండ్, అత్తయ్యా, ఇల్లు గుర్తుంటే చాలు. రేపు మ్యూజియం మానేసి అటే పోదాం" అన్నాడు.

ఇల్లు గుర్తుంది. ఆ వీధుల్లో ఇళ్ళన్నీ ఒకేలా ఉంటాయి, అయినా కాళ్ళకి దారి తెలుసు. బెల్లు కొట్టి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని నిలబడ్డాను. ఎవరో తెలియని అమ్మాయి తలుపు తీసింది, ఏ దేశమో ఏమో. మా అమ్మాయి మాట్లాడింది. వీళ్ళు వచ్చి కొద్ది నెలలేనట. ముందున్న వాళ్ళు లీజు అయిపోయి వెళ్ళిపోయారట. ఎక్కడికో తెలియదట. ఆ అమ్మాయి మర్యాదగా, మేం గేటు దాటేదాకా తలుపు వెయ్యలేదు.

వదిన కూడా ఇండియా నుంచి వచ్చాక మా పాత ఇంటి బెల్లు ఇలాగే కొట్టి ఉంటుంది. ఎవరో తీసి ఉంటారు. ఎవరు కావాలని అడిగితే ఏం చెప్పి ఉంటుంది? ఆవిడకీ నా పేరు తెలియదు.

ఎన్నిస్‌కి తిరిగి కారెక్కాం. వాన పట్టుకుంది. ఊళ్ళన్నీ దాటాక అమ్మాయి వెనక్కి తిరిగి, "ఇన్నాళ్ళూ నాతో ఎందుకు చెప్పలేదమ్మా?" అంది.

"నువ్వు డ్యూటీ నుంచి వచ్చేసరికి పడుకునే వేళవుతుంది" అన్నాను.

అమ్మాయి చెయ్యి వెనక్కి చాచి నా మోకాలి మీద పెట్టి, అలాగే ఉంచింది.

మర్నాడు పొద్దున, అల్లుడు ఆఫీసుకి బయల్దేరకముందే వెళ్ళి అడిగాను. "లూకన్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఇంకా ఉన్నారా బాబూ?"

"ఉన్నాను అత్తయ్యా. మీరు చెప్పండి, నేను టైప్ చేస్తాను."

"వద్దు, నేనే రాస్తాను."

తెలుగు వచ్చేలా పెట్టి ఫోన్ ఇచ్చాడు. అక్షరం అక్షరం వెతుక్కుంటూ రాశాను. శనివారం క్లాసులో వెనక బెంచీ మీద నాకు రాయడం నేర్పిన వదిన ఎక్కడుందో ఎవరైనా చెప్పండి. తెలంగాణావిడ, కొంచెం కుంటుతుంది, మనవణ్ణి బుజ్జిగాడంటారు. వదినా, చెప్పకుండా వచ్చేశాను, కోపం పెట్టుకోకు. మేం ఎన్నిస్‌లో ఉన్నాం.

కింద నా పేరు రాశాను. ఆవిడ ఎన్నడూ వినని పేరు. అందుకని పక్కన వదిన అని కూడా రాసి, పంపమని ఫోన్ అల్లుడికిచ్చాను.