గొర్రెలు నటిస్తాయా?

మా చిన్న బిడ్డ తీసిన దయ్యం సినిమా వచ్చే శుక్రవారం జడ్చర్ల థియేటర్లో ఆడబోతోందోచ్! ఎవరో పారేసుకున్న ఫోన్‌లో దొరికిన వీడియోలా బొమ్మంతా ఊగుతూ ఉంటుంది. అందులో మా మంద కూడా ఉంది.

నిన్న ఇంట్లో చూపించింది. సినిమాలో మా దొడ్లో గొర్రెలన్నీ ఒక్కసారే ఖాళీ మూలకు తలలు తిప్పాయి. నాకు తడిసిన గొంగడి వాసన తగిలినట్టయింది. ముసురులో మందను కాసిన నా ఈడు వాళ్లారా, గుర్తుందా? గొర్రెలు గుట్ట వైపు అలా తిరిగితే మా అవ్వ నా మొహాన్ని గొంగట్లో దాచేసి, "అటు చూడకు కొడుకా" అనేది. ఏముందో మాత్రం చెప్పేది కాదు.

"నిజం చెప్పు బిడ్డా, గిది జరిగిందేనా? మనుషులు నటిస్తరు, గొర్లు నటిస్తయా?" అని నిలదీశాను.

"అయ్యో బాపూ! నువ్వు మందను పిలిచే కేకను ఫోన్ల ఎక్కించి గా మూల నుంచి వినిపించిన. తర్వాత సినిమాల ఆ కేక తీసేసినం, గంతే!" అని పడిపడి నవ్వింది.

ఇంత సంతోషంలోనూ నా అనుమానం తీరలేదు. ఇప్పుడు పిలిచింది నా గొంతే, సరే. అప్పుడు గుట్ట మీంచి మా మందను పిలిచిందెవరు?

హుజూర్‌నగర్ అక్కకు, మర్రిగూడ తమ్ముడికి, జడ్చర్ల వియ్యపురాలికి ఈ కబురు చెప్పండి. ఆడపిల్లకు కెమెరా ఎందుకన్న మా బామ్మర్దికి రెండుసార్లు చెప్పండి.