ఆ కూత నాదే కావాలి

నాకు ఉబ్బసం. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడే వయసు ఎప్పుడో దాటిపోయింది. చేతిసంచిలో ఒక ఇన్‌హేలర్, దిండు కింద ఇంకొకటి, వేలికి తగిలించుకుని ఆక్సిజన్ చూసుకునే చిన్న మిషను. ఇవి లేకుండా గడప దాటను. మా ఆయన వాటిని నా నగలంటాడు. అననీ. ఊపిరి అందక కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడినవాళ్లకే తెలుస్తుంది ఆ నగల విలువ.

నిజం చెప్పాలంటే, జబ్బు కంటే జబ్బు భయమే నన్ను ఎక్కువ తినేసింది. అది రాకముందే వస్తోందేమోనని వినడం మొదలుపెడతాను. ఛాతీలో పిల్లికూతలు ఉన్నాయా, లేవా? అంత శ్రద్ధగా వింటే ఎందుకుండవు? ఉన్నాయనుకోగానే గుండె దడ, దడతో ఆయాసం, ఆయాసంతో నిజంగానే కూతలు. తిరుపతిలో నన్ను చూసే డాక్టరు ఓపికగల మనిషి. మందు పీల్చాక ఇక వినకండి, మనసును వేరే పనిమీద పెట్టండి అన్నాడు. నేను నా మనసును బస్సెక్కించాను. మా పుట్టిల్లు పూతలపట్టు దగ్గర. అక్కడ తిరుపతి బస్సెక్కి కూర్చున్నట్టు అనుకుని, దారిలో ఆగే ఊళ్లన్నీ ఒక్కొక్కటే తలుచుకుంటాను. చంద్రగిరి వచ్చేసరికి చాలాసార్లు ఊపిరి దారికొస్తుంది. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకు మాత్రం పనిచేసింది.

పోయిన చలికాలం నాకు ఆడపిల్ల పుట్టింది. పురిటికి అమ్మ దగ్గరికి వెళ్లాను. చూడ్డానికి వచ్చిన ప్రతి ఆడమనిషీ బిడ్డ మొహం మీదికి వంగి, ముక్కు ఎవరిది, నుదురు ఎవరిది అని పంచాయితీ పెట్టేది. నాకు ఒళ్లు మండిపోయేది. ముక్కు ఎవరిదైతే ఏం, ఊపిరితిత్తులు ఎవరివో చెప్పండి చూద్దాం అని అడగాలనిపించేది. మా నాయన తల్లికి ఉబ్బసం. ఆమె వెల్లకిలా పడుకుని నిద్రపోగా నేనెప్పుడూ చూడలేదు. గోడకు ఆనుకుని కూర్చునే కునికేది, చివరికి కూర్చునే పోయింది. ఆ జబ్బు నాయనను వదిలేసి నన్ను పట్టుకుంది. ఇప్పుడు నా బిడ్డ దగ్గర ఆగుతుందా, నాయనను దాటినట్టు దాటిపోతుందా? ఎవరిని అడగను?

అందుకే వినేదాన్ని. డాక్టరు నా ఛాతీని వినొద్దన్నాడు గానీ, బిడ్డ ఛాతీని వినొద్దనలేదు కదా. పాలు తాగి నిద్రపోగానే దాని రొమ్ముకు చెవి ఆనించేదాన్ని. మొదటిసారి కూత వినబడినప్పుడు నా పైప్రాణాలు పైనే పోయాయి. ఊపిరి బిగబట్టాను. కూత ఆగింది. ఊపిరి వదిలాను. మళ్లీ వచ్చింది. అది నాదే! నా జబ్బును చూసి నేను సంతోషపడ్డది ఆ ఒక్కసారే. అప్పటినుంచి అదే అలవాటైపోయింది. చెవి ఆనించడం, కూత వినబడితే ఊపిరి బిగబట్టడం, ఆగగానే దేవుడికి దండం పెట్టుకోవడం. ఎన్నిసార్లు విన్నా అది నాదే అయింది.

ఇక సాంబ్రాణి సంగతి. మా వైపు పసిబిడ్డకు నీళ్లు పోశాక పొగ వేయకపోతే అది స్నానం కిందికే రాదు. కొబ్బరిచిప్పలు కాల్చిన నిప్పుల మీద సాంబ్రాణి పొడి చల్లి, పైన వెదురుబుట్ట బోర్లించి, తెల్లగా లేచే పొగమీద బిడ్డను పట్టుకుని తల ఆరబెడతారు. జలుబు చేయదని, దిష్టి పోతుందని. నాకైతే ఆ వాసనకే గొంతు బిగుసుకుంటుంది. వెళ్లిన రోజే అమ్మకు చెప్పేశాను, నేనున్నన్నాళ్లూ ఈ ఇంట్లో పొగ లేవకూడదని. పిల్లల డాక్టరు కూడా వద్దన్నాడని చెప్పాను. అమ్మ వెంటనే సరే అంది. అంత తొందరగా సరే అనే మనిషి కాదామె.

మూడో నెలలో ఒక శుక్రవారం. నేను స్నానం చేసి వచ్చేసరికి బిడ్డ మెత్తటి పాతచీరలో వెచ్చగా నిద్రపోతోంది. ముద్దు పెట్టుకుందామని వంగాను. జుట్టంతా సాంబ్రాణి వాసన.

దిండు కింది ఇన్‌హేలర్ తీసుకుని పెరట్లోకి వెళ్లాను. గోడ పక్కన నిప్పులకుండ, దానిమీద బుట్ట. సందుల్లోంచి పొగ ఇంకా వస్తూనే ఉంది. ఎన్నాళ్లనుంచి జరుగుతోందని అడిగాను. అమ్మ తలెత్తకుండానే చెప్పింది, నేను స్నానానికి వెళ్లిన ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం అని. వాసన పోయేదాకా బిడ్డను బయట తిప్పేదట, ఈరోజు నేనే తొందరగా వచ్చేశాను. దొంగతనంగా చేశానన్న సిగ్గు కూడా లేదు.

"నీకూ ఏసినా మే. ఒక్క వారం తప్పలే. ఏమైపోతివి నువ్వు?" అంది.

చేతిలో ఉన్న ఇన్‌హేలర్ ఆమె మొహానికి ఎదురుగా పట్టుకుని చూపించాను. ఆ క్షణం నాకు కసి తీరిందనే చెప్పాలి. అప్పుడే లోపల బిడ్డ దగ్గింది.

ఇద్దరం పరిగెత్తాం. బిడ్డ కళ్లు తెరవలేదు, ఏడవలేదు, ఇంకోసారి దగ్గి ఊరుకుంది. నేను మంచం పక్కన మోకాళ్లమీద కూర్చుని చెవి ఆనించాను. కూత. నాకేం ఆశ్చర్యం కలగలేదు. పెరట్లో పొగ పీల్చాను, అరవబోయి ఆపుకున్నాను, పరిగెత్తాను. నాకు కాక ఇంకెవరికి వస్తుంది? ఊపిరి బిగబట్టాను.

ఆగలేదు.

సరిగా బిగబట్టలేదేమో అనుకున్నాను. వేళ్లతో ముక్కు మూసుకున్నాను, పెదవులు గట్టిగా నొక్కిపెట్టాను. ఆగలేదు. భయంలో చెవులు కూడా అబద్ధం చెబుతాయి కదా, కాసేపు చూద్దామని పూతలపట్టులో బస్సెక్కాను. ఒక్కో ఊరూ తలుచుకుంటూ పోయాను. కణతలు టకటక కొట్టుకుంటున్నాయి. అమ్మ కూడా అవతలివైపు నుంచి వంగి, బిడ్డ మొహానికి దగ్గరగా చెవి పెట్టింది. చంద్రగిరి వచ్చింది.

అమ్మ తల పైకెత్తింది. ఆమె మొహంలో భయం విడిపోయింది.

"నీదేలే మే," అంది మెల్లగా. "నీ కూతే అది. నువ్వు పుట్టినకాడ్నించీ వింటా ఉండా, నాకు తెలీదా?"

కాదని చెప్పాలి. చెప్పాలంటే ఊపిరి వదలాలి. నేను ముక్కు మీద వేళ్లు తియ్యలేదు. బిడ్డ రొమ్ములో ఆ కూత సన్నగా, తీరుబడిగా వస్తూనే ఉంది.